సముద్రమట్టానికి దిగువన

మస్కట్‌లో మత్రా కార్నిష్ గట్టు మీద, ఒక చేతిలో కరక్ చాయ్, ఇంకో చేతిలో జీపీఎస్ రిసీవరు పట్టుకుని, పొడి బట్టలతో నిలబడి ఉన్నాను. రిసీవరు మాత్రం నేను సముద్రమట్టానికి సుమారు 30 మీటర్ల దిగువన ఉన్నానంటోంది. పదిహేనేళ్ళుగా ఒమాన్‌లో సర్వేయరు ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి ఈ మాట నాకు కొత్త కాదు. ఆ మైనస్ అంకెకు ఏదో కలిపెయ్యమనేవారు, కలిపేసేవాణ్ణి. ఎందుకు కలపాలో తెలుసుకుందామన్న బుద్ధి నలభై మూడో ఏట పుట్టింది. పెద్దమ్మాయి పదో తరగతి పరీక్షలకు చదువుతుంటే, దాని ఎదురుగా కూర్చుని దూరవిద్యలో జియోడెసీ ఎమ్మెస్సీ మొదలుపెట్టాను.

"ఏవండీ, జియోడెసీ అంటే?" అంది మా ఆవిడ.

"భూమిని కొలిచే శాస్త్రం."

"మరి ఇన్నాళ్ళూ ఏం కొలిచి జీతం తెచ్చారు?"

మొదటి సెమిస్టరులోనే ఆ 30 మీటర్ల గుట్టు తెలిసింది. లెక్కల సౌకర్యం కోసం శాస్త్రజ్ఞులు భూమిని నున్నటి బత్తాయి అనుకున్నారు. ధ్రువాల దగ్గర 21 కిలోమీటర్లు నొక్కుకుపోయిన బత్తాయి. అసలు సముద్రమట్టం ఉందే, అది కందదుంప. భూమి లోపల బరువు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. నీళ్ళు దాన్నిబట్టి ఉబ్బుతాయి, కుంగుతాయి. రిసీవరుకు బత్తాయి తప్ప మరొకటి తెలీదు. నీళ్ళేమో కంద మీద నిలుస్తాయి. మస్కట్ దగ్గర కంద లోపలికి పోయింది, అదీ సంగతి. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఆ సొట్ట 106 మీటర్లు, ప్రపంచంలో అంతకన్నా పెద్దది లేదు. దాని వాలు మన తీరం దాకా వచ్చింది. కాబట్టి వైజాగ్ బీచ్‌లో ముంత మసాలా తింటున్నవాళ్ళు, రిసీవరు లెక్కన, మాకు రెట్టింపు లోతులో ఉండి తింటున్నారు.

తర్వాత ఉపగ్రహాలు. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఆ గడియారాలు, ఐన్‌స్టీన్ చెప్పిన కారణాల వల్ల, రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పరిగెత్తాలి. అందుకని వాటిని ముందే ఆ మేరకు నెమ్మదిగా నడిచేలా తిప్పి పైకి పంపుతారు. ఇండియాకూ ఒమాన్‌కూ గంటన్నర తేడా అని మా బావమరిదికి పదిహేనేళ్ళుగా చెబుతున్నాను. ఇప్పటికీ పొద్దున్నే ఆరింటికి ఫోన్ చేసి "ఏం బావా, ఇంకా లేవలేదా?" అంటాడు. నాకు అప్పుడు నాలుగున్నర.

నన్ను ఏడిపించింది మాత్రం తరంగాల లెక్క. ఉపగ్రహం పంపే తరంగం పొడవు 19 సెంటీమీటర్లు. రిసీవరు చివరి తరంగంలో ముక్కను మిల్లీమీటర్లలో చెబుతుంది. కానీ మధ్యలో మొత్తం ఎన్ని తరంగాలున్నాయో దానికి తెలీదు. ఇవాళ పోసిన పావు లీటరు గుర్తుండి, నెలంతా ఎన్ని లీటర్లు పోశాడో మరిచిపోయిన పాలవాడి ఖాతా అన్నమాట. ఆ పూర్ణాంకం దొరికితే తెర మీద 'ఫిక్స్' అని వస్తుంది, దొరికేదాకా 'ఫ్లోట్'. మా ఆవిడ ఈ రెండు మాటలే నేర్చుకుంది. కూరలు తెమ్మంటే, "ఫిక్సా, ఫ్లోటా?" అని అడుగుతుంది.

ఫోటోలతో కొలిచే ఫోటోగ్రామెట్రీ సులువే అనుకున్నాను. ఆకాశం నుంచి తీసే ప్రతి ఫోటోలో, ముందు ఫోటోలోని అరవై శాతం మళ్ళీ రావాలి. టీవీ సీరియల్ చూసినవాళ్ళకు ఈ సూత్రం వేరే చెప్పక్కర్లేదు. చిక్కల్లా ఇసుకతోనే. రెండు ఫోటోల్లో ఒకే మచ్చను పట్టుకుని సాఫ్ట్‌వేరు ఎత్తు లెక్కగడుతుంది. ఇసుకకు మచ్చ ఎక్కడిది? అందుకని నియంత్రణ బిందువులుగా తెల్లగుడ్డ శిలువలు పరిచి, వాటి స్థానం సెంటీమీటర్లలో కొలిచి, డ్రోన్ ఎగరేశాను. ఎగిరేలోగా ఒక శిలువ మీద ఒంటె కూర్చుంది. దాన్ని లేపే ధైర్యం మా బృందంలో ఎవరికీ లేదు. నా ప్రాజెక్టులో ఒక నియంత్రణ బిందువుకు మూపురం ఉంది.

ఇక డేటమ్‌ల గొడవ. డేటమ్ అంటే ఏ బత్తాయిని ఎక్కడ పెట్టి కొలవాలన్న ఒప్పందం. గట్టు తగాదాల మధ్య పెరిగినవాణ్ణి, ఒక రాయికి ఇద్దరు యజమానులుండటం చూశాను గానీ ఒక రాయికి నాలుగు చిరునామాలుండటం ఇక్కడే చూశాను. ఒమాన్‌లో పాత చమురు పటాలు ఫహూద్ డేటమ్‌లో ఉంటాయి. తర్వాత 1993లో పీఎస్‌డీ93 వచ్చింది. ఉపగ్రహాలది డబ్ల్యూజీఎస్84. జాతీయ సర్వే సంస్థ తెచ్చిన ఓఎన్‌జీడీ14 మరొకటి. వీటికి తోడు అరేబియా ఫలకం మొత్తంగా ఏటా కొన్ని సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతూనే ఉంటుంది.

థీసిస్ కోసం అదమ్ ఊరు దాటాక ఎడారిలో ఒక పాత సర్వే స్తంభాన్ని వెతకాలి. పీఎస్‌డీ93 అంకెల్ని డబ్ల్యూజీఎస్84 అనుకుని రిసీవరులో కొట్టేశాను. తప్పు నూటికి నూరుపాళ్ళూ నాదే. ఎండలో మధ్యాహ్నం దాకా ఇసుక తవ్వాం, సెంటీమీటరు ఖచ్చితత్వంతో. మా ఒమానీ డ్రైవరుకు హిందీ నాకన్నా బాగా వచ్చు. వచ్చినప్పుడే "భాయ్, స్తంభం ఆ గాఫ్ చెట్టు దగ్గర ఉంటుంది" అన్నాడు. నేను వినలేదు. రెండింటికి ఆయన వెనకే నడిచాను. కొన్ని వందల మీటర్లు దాటాక చెట్టు, చెట్టు నీడలో స్తంభం.

గాఫ్ అంటే మన జమ్మిచెట్టే. పాండవులు ఆయుధాలు దాచినప్పుడు అక్షాంశ రేఖాంశాలు రాసుకోలేదు, చెట్టును గుర్తుపెట్టుకున్నారు. ఏడాది తర్వాత నేరుగా వెళ్ళి తెచ్చుకున్నారు. నాలా కొలిచి ఉంటే కురుక్షేత్రం వాయిదా పడేది.

థీసిస్ ఇంకా నడుస్తోంది. ఈలోగా మస్కట్ వచ్చేవాళ్ళు మా ఇంటికి భోజనానికి రండి. ఘుబ్రాలో మసీదు వెనక సందు, కింద లాండ్రీ ఉన్న బిల్డింగు, మూడో అంతస్తు. దొరక్కపోతే లొకేషన్ పంపమని మాత్రం అడక్కండి. ఫోన్ చెయ్యండి, కిందికి దిగొస్తాను.