ఎవరి సంపదరా అబ్బాయ్?

ఎంబీఏ మొదటి సంవత్సరం అవగానే వేసవిలో రెండు నెలలు ఎక్కడో ఒకచోట ఇంటర్న్‌షిప్ చేసి తీరాలన్నారు మా కాలేజీలో. నాకు హైదరాబాదులో, సోమాజిగూడలో ఒక వెల్త్ మేనేజ్‌మెంట్ కంపెనీలో దొరికింది. ఆ సంబరంలో తెనాలికి ఫోన్ చేశాను.

"ఏం పనిరా?" అంది అమ్మ.

"సంపద నిర్వహణ."

"ఎవరి సంపదరా అబ్బాయ్?"

నాది కాదని మాత్రం ఖాయం. నెలకి 8,000 స్టైపెండు. అమీర్‌పేట హాస్టల్లో ముగ్గురుండే గదిలో కిటికీ పక్క మంచానికి 7,500. కిటికీ లేని మంచమైతే 7,000 అన్నాడు వార్డెను. ఫైనాన్స్ చదువుతున్నవాణ్ణి, ఆ 500 ఆదా చేసుకుని ఉండాల్సింది. గాలికి ఖర్చు పెట్టేశాను.

ఆఫీసు మెట్రోలో రెండో స్టేషనే. ఇర్రమ్ మంజిల్‌లో దిగి నడిస్తే పది నిమిషాలు. లోపల అడుగు పెడితే గోడ నిండా ఒక పెద్ద ఫొటో: తెల్లజుట్టు దంపతులు సముద్రం ఒడ్డున నవ్వుకుంటూ నడుస్తుంటారు. మన రిటైరైనవాళ్లెవరూ అలా సముద్రం ఒడ్డున నడవగా నేను చూడలేదు. మనవల్ని స్కూలు బస్సెక్కించడానికి నడుస్తారు.

మేం నలుగురం ఇంటర్న్‌లం. మొదటి రోజే మేనేజరు గారు తలా ఒక తెల్లకాగితం ఇచ్చి, "మీకు తెలిసినవాళ్ల పేర్లు వంద రాయండి" అన్నారు. ఫైనాన్షియల్ ప్లానింగంటే లెక్కలనుకున్నాను. పెళ్లి పిలుపుల జాబితాతో మొదలవుతుందని ఎవరూ చెప్పలేదు. చుట్టాలు, ట్యూషన్ మాస్టారు, పాలవాడు, అందరూ కలిసి 63 దగ్గర ఆగిపోయారు. 64వ పేరుగా తాతయ్యని రాసి, ఆయన పోయి నాలుగేళ్లయిందని గుర్తొచ్చి కొట్టేశాను.

జాబితాలో మొదటి ఫోను గుంటూరు బాబాయ్‌కి. క్షేమసమాచారాలయ్యాక మెల్లగా సిప్ దగ్గరికి, అంటే నెలనెలా మ్యూచువల్ ఫండ్లో కట్టుకుంటూ పోయే పద్ధతి దగ్గరికి, లాక్కొచ్చాను. నెలకి 5,000 చొప్పున 20 ఏళ్లు కడితే, ఏడాదికి 12 శాతం పెరుగుతుందనుకుంటే, చేతికి దాదాపు 50 లక్షలొస్తాయని చెప్పాను. కాలిక్యులేటర్ అలాగే చెబుతుంది. ఆ "అనుకుంటే" దగ్గర గొంతు తగ్గించమని మాకెవరూ నేర్పలేదు, దానంతటదే తగ్గుతుంది.

"నాకిప్పుడు 61 రా. 81వ ఏట 50 లక్షలు మూటగట్టుకుని ఎక్కడికి పోను?" అన్నాడు బాబాయ్. నేను దానికి జవాబు వెతుక్కునేలోపు ఆయనే అందుకున్నాడు. "సరేగానీ, షాద్‌నగర్ అవతల మావాళ్లు వెంచర్ వేస్తున్నారు. మీ ఆఫీసుకి డబ్బున్నవాళ్లు వస్తుంటారుగా, ఒక మాట చెవిన వెయ్యి. నీకూ రెండు శాతం ఇప్పిస్తా." ఫోన్ పెట్టేసేసరికి వాట్సాప్‌లో బ్రోచరు దిగింది. ఈత కొలను, క్లబ్ హౌసు, వాటి మధ్య పార్కు, అన్నీ ఆకుపచ్చ రంగు బొమ్మలే.

"లీడ్ ఏమైంది?" అనడిగారు సారు.

"నేనే ఆయనకి లీడయ్యాను సార్" అన్నాను.

నిజానికి మేం ఫండ్లు అమ్మడానికి వీల్లేదు. మ్యూచువల్ ఫండ్లు అమ్మేవాళ్లు ఎన్‌ఐఎస్ఎం వాళ్ల పరీక్ష పాసై, ఆంఫీ దగ్గర నమోదై ఉండాలి. 100 ప్రశ్నలు, రెండు గంటలు, 50 శాతం వస్తే పాసు. ఆ నమోదు చేతికొచ్చేదాకా ఇంటర్న్ ఎవరికీ సలహా చెప్పకూడదు. అందుకని మేం క్లయింట్లకి సలహా చెప్పలేదు, కాఫీ చెప్పాం. ఎవరికి చక్కెర వద్దో, ఎవరికి బ్లాక్ కాఫీ కావాలో రెండు వారాల్లో కంఠతా వచ్చేసింది. 50 లక్షలు లేనిదే పోర్ట్‌ఫోలియో మేనేజ్‌మెంట్ (పీఎంఎస్) గడప తొక్కనివ్వరన్న సెబీ నిబంధన కూడా ట్రే పట్టుకుని నిలబడ్డప్పుడు విన్నదే.

కాఫీల మధ్య మాకప్పజెప్పిన అసలు పని కేవైసీ ఫారాలు నింపడం. పదిహేనేళ్లు చదువుకున్నవాడికి ఫారం నింపడం ఒక పనా అనుకున్నాను. ఆ ఫారంలో మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు అని మూడు చోట్లుంటాయి. అది రూపొందించిన మహానుభావుడెవరో గానీ మన తెలుగువాళ్లని ఎరగడు. మనకి ఇంటిపేరు ముందొస్తుంది. పాన్ కార్డులో అది చివరికి పోతుంది, ఆధార్‌లో మళ్లీ ముందుకొస్తుంది, బ్యాంకు పాస్‌బుక్‌లో ఒక్క పొడి అక్షరమై ముడుచుకుంటుంది, పదో తరగతి సర్టిఫికెట్లో వేరే స్పెల్లింగులో ఉంటుంది. మనిషొక్కడే, కంప్యూటరుకి మాత్రం నలుగురు. ఇక గోదావరి జిల్లాల నుంచి అన్నవరం స్వామి పేరు పెట్టుకున్న వీరవెంకట సత్యనారాయణ గారెవరైనా వస్తే గళ్లు చాలవు. ఇంటిపేరు అయ్యేసరికే సగం నిండిపోయి, స్వామి మార్జిన్లోకి జరగాల్సి వస్తుంది. ఒకాయనకి ఇంటిపేరు మొదటి గడిలో రాసిన పాపం నాదే. అప్పట్నుంచీ ఆయనకి ప్రతి నెలా "డియర్ కొత్తపల్లి" అని ఉత్తరం వెళ్తోంది. ఊరికి రాసినట్టు.

రిటైరైన హెడ్మాస్టారొకాయన ఒక మధ్యాహ్నం వచ్చారు. 1994లో కొన్న యూనిట్లు వెనక్కి తీసుకోవాలి, సంతకం కలవడం లేదని కాగితాలు తిరిగొచ్చాయి. పాత ఫారం జిరాక్సు ఎదురుగా పెట్టుకుని, కవరు వెనక పదిసార్లు రాసి చూసుకున్నారు. అప్పటి సంతకం ఒక్క విసురులో వెళ్లి, చివర గాలిపటం తోకలా తిరిగింది. ఇప్పటిది ప్రతి అక్షరం దగ్గరా ఆగి ఊపిరి పీల్చుకుంటోంది. "కాపీ కొట్టిన పిల్లల్ని ముప్పై ఏళ్లు బెంచీ ఎక్కించాను నాయనా, ఇప్పుడు నన్ను నేనే కాపీ కొట్టుకోవలసొచ్చింది" అన్నారాయన. పదకొండోది కాస్త దగ్గరకొచ్చింది. బ్యాంకు మేనేజరు చేత సంతకం ధ్రువీకరింపజేసుకునే ఫారం కూడా ఆయన చేతిలో పెట్టాను. దాని మీదా సంతకం చెయ్యాలి మరి.

నాకు బాగా నచ్చిన కాగితం రిస్క్ ప్రొఫైల్. క్లయింటుకి గుండె ధైర్యం ఎంతుందో కొలిచే ప్రశ్నపత్రమది. అందులో ఒక ప్రశ్న: మార్కెట్ ఒక్కసారిగా 20 శాతం పడిపోతే మీరేం చేస్తారు? అమ్మేస్తాను, ఏమీ చెయ్యను, ఇంకా కొంటాను. ఈ మూడింట్లో ఒకదానికి టిక్కు పెట్టాలి. ఒక డాక్టరు గారు చాలాసేపు ఆలోచించి, "మా ఆవిడకి చెప్పను" అన్నారు. అంతకంటే నిజాయితీ అయిన జవాబు ఆ రెండు నెలల్లో నేను వినలేదు. దానికి గడి లేదు. "ఏమీ చెయ్యను"కి టిక్కు పెట్టించాను.

మధ్యలో ఒక ఆదివారం తెనాలి వెళ్లాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, పెరుగన్నం తింటున్న అమ్మ ఎదుట ల్యాప్‌టాప్ తెరిచాను. ఆవిడ వీధిలో చీటీ వేస్తుంది. 20 మంది, నెలకి తలా 5,000, లక్ష రూపాయల చీటీ. అవసరమున్నవాళ్లు పాట పాడి తగ్గించుకుని తీసుకుంటారు, వదులుకున్న సొమ్ము మిగతావాళ్లు పంచుకుంటారు. ఎక్సెల్‌లో లెక్క వేసి, చివరి దాకా ఆగేవాళ్లకి ఎంత శాతం పడుతుందో చూపించాను.

"ఎదురింటావిడ ఒక నెల ఎగ్గొడితే ఎంతవుద్దో వేశావా?" అంది.

వెయ్యలేదు. మాట మార్చడానికి చట్టం ఎత్తుకున్నాను. "1982 చట్టం ప్రకారం రిజిస్టర్ కాని చీటీ నడపకూడదమ్మా."

"గోడకి గోడ ఆనుకుని ఉన్నాం, ఎక్కడికి పోద్దిరా?" అంటూ కంచం తీసుకుని లేచింది.

కాలేజీకివ్వాల్సిన ప్రాజెక్ట్ రిపోర్టు సంగతి ఎక్కువ చెప్పను. పెట్టుబడిదారుల అవగాహన మీద సర్వే. వంద మందీ మా హాస్టల్లో దొరికారు. వాళ్లలో ఏటా 10 లక్షల పైన ఆదాయమున్నట్టు టిక్కు పెట్టినవాడు ఆ వారం నా దగ్గరే 200 అప్పు తీసుకున్నాడు.

వెళ్లేముందు సారు, "నీ పేరున ఒక్క సిప్ అన్నా లేకపోతే ఏం బాగుంటుందయ్యా" అన్నారు. నిజమే కదా అని నెలకి 500 ది మొదలుపెట్టాను. మొదటి వాయిదా అప్పటికప్పుడు కట్టేశాను. తర్వాత ప్రతి నెలా 7వ తేదీన ఖాతాలోంచి దానంతటదే వెళ్లాలి. వెళ్లడానికి ఖాతాలో ఉండాలిగా. బౌన్సైనప్పుడల్లా బ్యాంకు జీఎస్టీతో కలిపి 295 చొప్పున పట్టుకుంది. వరసగా మూడు వాయిదాలు తప్పితే సిప్ రద్దవుతుందని పది మందికి చదివి వినిపించింది నేనే. నాదీ అలాగే రద్దయింది. పెట్టుబడి 500, బ్యాంకు ఛార్జీలు 885.

ఆ 885 అమ్మే పంపింది, ఆ నెల చీటీ తనే పాడుకుందట. ఎదురింటావిడ ఇప్పటిదాకా ఒక్క నెలా తప్పలేదు.