రెండో కప్పు

మా బావ పిల్లలకు ఐస్‌క్రీమ్ కొనిపెట్టడు. వాళ్ళ చేత సంపాదింపజేస్తాడు. మొజంజాహీ మార్కెట్ ముందు కారు దిగీ దిగకముందే మొదటి ప్రశ్న పడుతుంది.

"ఇది ఎప్పుడు కట్టిన్రురా?"

"1935," అంటాడు పెద్దోడు, చెప్పులు వెతుక్కుంటూ.

"ఎవరి పేరు మీద?"

"ఏడో నిజాం రెండో కొడుకు, మొజం జా."

"ఏ రాయి?"

"గ్రానైటు."

"శభాష్. చిన్నదానా, ఇప్పుడు నువ్వు చెప్పు. గ్రానైటు ఎట్ల పుడ్తది?"

ఆరేళ్ళ మా మేనకోడలు గోపురం మీది పావురాల వంక చూసి, కాసేపు ఆలోచించి, "గుడ్డుల నుంచి" అంది. ఆ రోజు దానికి అరకప్పే. మిగతా సగం నా కప్పులోంచి దొంగచాటుగా వెళ్ళింది.

ఇలాంటి నాన్న మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉండే ఉంటాడు. నుమాయిష్‌కు తీసుకెళ్తే జెయింట్ వీల్ ఎక్కించే ముందు దాని చుట్టుకొలత కట్టమంటాడు. బిర్యానీ ముందు కూచోబెట్టి, బియ్యం ఎక్కడ పండుతాయో అడుగుతాడు. ముద్ద నోట్లో ఉండగా జవాబు చెప్తే, నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడొద్దంటాడు. "పిల్లలు పచ్చిమట్టి బామ్మర్దీ, మనం కుమ్మరోళ్ళం" అన్నది ఆయన సిద్ధాంతం. బాగానే ఉంది. కానీ కుమ్మరి కూడా ఎప్పుడో ఒకప్పుడు సారె ఆపి, కుండను దించి, ఎండలో పెట్టి తన పని తాను చూసుకుంటాడు కదా! మా బావ చెయ్యి తియ్యడు.

అలాగని చెడ్డవాడు కాదు. చిన్నదానికి జ్వరమొస్తే తెల్లార్లూ కూచుంటాడు. తడిగుడ్డ మారుస్తాడు, కాళ్ళు పడతాడు. గంటగంటకూ జ్వరం చూసి గ్రాఫ్ కాగితం మీద చుక్కలు కూడా పెడతాడనుకోండి. తెల్లారి అది లేవగానే, "గీత ఎటు పోతున్నదో చెప్పు బిడ్డా" అని అడిగాడని మా అక్క ఇప్పటికీ ఏడవాలో నవ్వాలో తెలియక చెప్తుంటుంది.

పోయిన మే నెలలో ఈయనకు ఎవరో మార్ష్‌మాలో పరీక్ష గురించి చెప్పారు. 1960ల చివర్లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మొదలుపెట్టిన ప్రయోగాలవి. బడి ఈడు రాని పిల్లల ముందు ఓ మిఠాయి పెట్టి, నేను తిరిగొచ్చేదాకా తినకుండా ఉంటే రెండు ఇస్తానని చెప్పి వెళ్ళిపోతారు. ఓపిక పట్టినవాళ్ళు పెద్దయ్యాక చదువులో ముందున్నారని తర్వాత్తర్వాత రాశారు. ఇంకేముంది, మా బావ ఆ ఆదివారం సాయంత్రమే అందరినీ మొజంజాహీకి బయల్దేరదీశాడు. మామిడిపండు ఐస్‌క్రీమ్ రెండు కప్పులు పిల్లల ముందు పెట్టి, చేతి గడియారం చూసుకుంటూ, "పదిహేను నిమిషాలు. ముట్టకుంటే ఇంకో కప్పు" అన్నాడు.

స్టాన్‌ఫర్డ్‌లో పెట్టింది కరగని మిఠాయి. ఇది మే నెల, హైదరాబాదు. నాలుగో నిమిషానికి చెంచా ఒరిగింది. ఏడో నిమిషానికి కప్పులో ఉన్నది మామిడిరసం. పెద్దోడు పళ్ళు బిగబట్టి చూస్తున్నాడు. చిన్నది చెంచా ముట్టలేదు, కప్పెత్తి గటగటా తాగేసింది. "తినొద్దన్నవ్, తాగొద్దనలే" అని దాని వాదన. ఈ దేశానికో లాయరు దొరికిందని నాకు సంబరమైంది. బావ మాత్రం నోట్‌బుక్కు తీసి ఏదో రాసుకున్నాడు.

ఉండబట్టలేక, "2018లో అదే పరీక్షను తొమ్మిది వందల పైచిలుకు పిల్లల మీద మళ్ళీ చూశారు బావా. ఇంటి పరిస్థితులు కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా చాలావరకు కరిగిపోయిందట, అచ్చం మీ ఐస్‌క్రీమ్ లాగే" అన్నాను.

"నీకు సమజ్ కాదు బామ్మర్దీ. ఇంటి పరిస్థితి అంటే ఎవరు? నేనే కదా!"

నాకు జవాబు తోచలేదు. అదే అదనుగా ఆయన నిజాం మీదికి వెళ్ళాడు. 1937లో టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ముఖచిత్రం వేసిన ఉస్మాన్ అలీ ఖాన్ పైసా పైసా లెక్క చూసుకునేవాడు. కొడుకులు ఖర్చుకు పేరుపడ్డారు. చివరికి పెద్ద కొడుకును పక్కకు పెట్టి మనవడు ముకర్రం జాను వారసుణ్ణి చేశాడు. "గుంజితే తెగింది" అని నేను, "వదిలేస్తే చెడిపోయిన్రు" అని ఆయన. మరి ఈ మార్కెట్‌కు పేరిచ్చిన మొజం జా సంగతేమిటంటే, ఉర్దూలో కవిత్వం రాశాడని చెప్పాను.

బావ పెద్దోడి భుజం తట్టి, నా వైపు జాలిగా చూశాడు. "విన్నవారా? లెక్కలు సక్కగ చెప్పించకపోతే గిట్ల అయితరు."

పత్రికలకు రాసుకు బతికేవాణ్ణి కాబట్టి, ఆ మాటకు బదులు ఈ వ్యాసం.

ఇంత చెప్పి నా సంగతి దాచడం న్యాయం కాదు. అదే రోజు మధ్యాహ్నం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల దగ్గర మా అమ్మాయి ఓ దయ్యాల బొమ్మల కథల పుస్తకం పట్టుకుంది. నేను దాన్ని మెల్లగా కింద పెట్టించి, వీపు విరిగిన ఓ విజ్ఞాన సర్వస్వం చేతిలో పెట్టాను. బేరమాడి నలభై రూపాయలు తగ్గించానన్న గర్వం కూడా. "నాన్నా, ఇందులో దయ్యాలున్నయా?" అని అడిగింది. "అంతకంటే మంచివున్నయి. ఖండాల పేర్లున్నయి" అన్నాను. సరిగ్గా ఆ ముక్క అన్నప్పుడు నా గొంతు బావ గొంతులాగే ఉందని మా ఆవిడ అంది. కొంచెం గట్టిగానే అంది.

ఇక ఐస్‌క్రీమ్ దగ్గర. మూతి తుడుచుకున్న చిన్నది పెద్దమనిషిలా కుర్చీ ముందుకు జరిపింది. "ఇగ మీ వంతు. నాన్నా, మామా, పది నిమిషాలు ఏం చెప్పొద్దు. చెప్తే మాకు ఇంకో కప్పు."

ఇద్దరం ఒప్పుకున్నాం. ఒక నిమిషం బాగానే గడిచింది. రెండో నిమిషంలో బావ పెదాలు కదిలాయి, దగ్గుగా మార్చేశాడు. నేను కప్పు అడుగు చదువుతున్నాను. పిల్లలు ముగ్గురూ ఒకరి చెవిలో ఒకరు ఏదో గుసగుసలాడుకున్నారు. తర్వాత పెద్దోడు రోడ్డు మీది బేకరీ బోర్డు వైపు వేలు చూపిస్తూ, అమాయకంగా మా అమ్మాయితో అన్నాడు.

"కరాచీ బేకరీ పెట్టింది 1935ల. మార్కెట్ కట్టింది 1953ల."

"తిరగేసినవ్!" అని ఇద్దరం ఒక్కసారే లేచాం.

ఈసారి సీతాఫలం అడిగారు. కాలం కాదు, దొరకదు అని చెప్పి, ఎందుకు దొరకదో ఇద్దరం వంతులేసుకుని వివరిస్తుండగా, మా అక్క వెళ్ళి మూడు మామిడి కప్పులు తెచ్చింది.