బల్ల తీసేసిన కొట్టు

సూపర్ మార్కెట్ అంటే బల్ల లేని కిరాణా కొట్టు. నిర్వచనం చిన్నదే, నెల జీతంలో అది కొట్టుకుపోయే వాటా మాత్రం చిన్నది కాదు. జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ ఒడ్డునున్న భుయ్యాడీహ్ గల్లీల్లో బల్ల ఉన్న కొట్లు ఇంకా బతికే ఉన్నాయి. కొనేవాడు బల్లకు ఇవతల, సరుకు అవతల, మధ్యలో దుకాణదారు. చీటీ ఇస్తే సామాను వస్తుంది, చీటీలో లేనిది రాదు. చివర్లో "ఔర్ కుఛ్?" (ఇంకేమైనా?) అని అడుగుతాడు. అతని మార్కెటింగ్ విభాగం మొత్తం ఆ రెండు మాటలే. తల అడ్డంగా ఊపితే ఆ విభాగం మూతపడుతుంది. అదే సాక్చీ, బిష్టుపూర్‌లలోని పెద్ద దుకాణాలకు వెళ్తే బల్ల ఉండదు, అడ్డంగా ఊపడానికి ఎదుట మనిషీ ఉండడు.

బల్లను తొలగించిన ఘనత క్లారెన్స్ సాండర్స్ అనే అమెరికా వ్యాపారిది. 1916 సెప్టెంబరు 6న మెంఫిస్ నగరంలో పిగ్లీ విగ్లీ పేరుతో కొట్టు తెరిచి, సరుకును అరల్లో సర్ది, కొనేవాణ్నే లోపలికి వదిలాడు. ప్రవేశం ఒకచోట, గల్లాపెట్టె ఒకచోట, రెంటి మధ్యా కొట్టంతా తిప్పే ఒకే దారి. ఉప్పు కోసం వచ్చినవాడు కూడా ఊరంతా చూసి గానీ బయటపడడు. ఈ ప్రదక్షిణ మార్గానికి 1917లో పేటెంటు కూడా దక్కింది. గుమాస్తా పని కొనేవాడి నెత్తికొచ్చింది, గుమాస్తా జీతం మాత్రం రాలేదు. జంషెడ్‌పూర్‌లోని టాటా ఉక్కు కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం 1912లోనే వచ్చింది. అలాంటి ఊళ్లో కార్మికుడు సెలవురోజున కూలీ లేకుండా మూటలు మోసి, పైగా ఎదురు డబ్బిచ్చి వస్తుంటే ఏ యూనియనూ నోరు మెదపకపోవడం విచిత్రం.

తర్వాతి అడ్డంకి చేతిబుట్ట. బుట్ట బరువెక్కితే చెయ్యి పీకుతుంది, చెయ్యి పీకితే కొనడం ఆగుతుంది. ఓక్లహామా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ 1937లో బుట్టకు చక్రాలు తగిలించి ఆ నొప్పి తీర్చాడు. మొదట్లో జనం బండిని ముట్టుకోలేదు. మగవాళ్లకు నామోషీ, ఆడవాళ్లకేమో ఇంట్లో పిల్లల బండి తోసిందే చాలు. గోల్డ్‌మన్ కొందరికి డబ్బిచ్చి, కొనడానికి వచ్చినవాళ్లలా కొట్టంతా బళ్లు తోయించాడు. అంతే, నలుగురితో నారాయణ. అప్పుడు మొదలైన తోపుడు నేటికీ ఆగలేదు. బండికి ఇంకో గుణం ఉంది. అయిదు వస్తువులు వేసినా దాని అడుగు నిండదు. పక్కవాళ్ల బండి చూసి, ఇంత బోసిగా తోసుకెళ్తే బాగుండదనిపించి మరో రెండు ప్యాకెట్లు పడతాయి.

లోపలి అమరికలో యాదృచ్ఛికం తక్కువ. నెలనెలా తప్పనిసరిగా కొనే బియ్యం, పప్పు, నూనె గుమ్మం పక్కన ఉండవు. వాటికోసం లోతుగా వెళ్లాలి, దారిలో అక్కర్లేనివన్నీ ఎదురు రావాలి. ఎక్కువ లాభమిచ్చే సరుకు కళ్లకు సూటిగా, చౌకది మోకాలి కింద. వంగలేని వయసువారు ఖరీదైనదే వాడాలన్నది కొట్టు ఆరోగ్యశాస్త్రం. పెద్దవాళ్ల నడుము ఎత్తున ఉండే అర పిల్లల కళ్లకు సరిగ్గా సూటి, అందుకే బొమ్మ పెట్టిన బిస్కెట్లు అక్కడ కాపురముంటాయి. కిటికీలు, గోడ గడియారాలు కనిపించడం అరుదు. పాట మాత్రం వినిపిస్తుంది. అమెరికాలో రొనాల్డ్ మిల్లిమన్ 1982లో ప్రచురించిన పరిశోధనలో, ఒక సూపర్ మార్కెట్‌లో హుషారు సంగీతం బదులు నెమ్మదైన సంగీతం పెడితే జనం నడక మందగించి అమ్మకాలు 38 శాతం ఎక్కువయ్యాయి. జోలపాటకు నిద్రపోయేది పసిపిల్లలే అనుకోవడం పొరపాటు.

ఈ విద్యను యథాతథంగా దిగుమతి చేస్తే మన దేశంలో పారదని బిగ్ బజార్ పెట్టిన వ్యాపారి కిశోర్ బియానీ గ్రహించాడు. అద్దంలా మెరిసే కొట్టును చూస్తే సామాన్యుడు ధరలకు జడిసి గుమ్మంలోనే ఆగిపోతాడు. అందుకే 2001లో కోల్‌కతా, హైదరాబాద్, బెంగళూరులలో మొదలైన బిగ్ బజార్‌లో సంతలోని తోపులాటను, కుప్పలను కావాలనే సృష్టించారు. రద్దీ కనిపిస్తే చౌక అన్న నమ్మకం మనకు పుట్టుకతో వచ్చింది. 2006 జనవరి 26న "సబ్‌సే సస్తా దిన్" (అన్నిటికంటే చౌక రోజు) ప్రకటిస్తే పోలీసులను పిలవాల్సినంత జనం వచ్చారు. గణతంత్రం అంటే గణమంతా ఒకేచోట చేరడమని ఆ రోజు రుజువైంది. దేశానికి ఖర్చు చేయడం నేర్పిన ఆ సంస్థ చివరికి తనే అప్పుల్లో మునిగి 2022లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. గురువుగారి దగ్గరే పొదుపు పాఠం లేకపోతే శిష్యుల సంగతి చెప్పేదేముంది!

ధరల దగ్గర అంకెలు మనుషులకంటే తెలివిగా ప్రవర్తిస్తాయి. పరిశోధకులు ఎరిక్ ఆండర్సన్, డంకన్ సిమెస్టర్ 2003లో ప్రచురించిన ప్రయోగంలో ఒకే రకం దుస్తులను 34, 39, 44 డాలర్ల ధరలతో వేర్వేరు కేటలాగుల్లో ముద్రిస్తే, ఎక్కువగా అమ్ముడుపోయింది 39 ధర ఉన్నది. అంటే తొమ్మిదిని చూడగానే మనిషి అయిదు డాలర్ల నష్టాన్ని కూడా బేరంగా భావిస్తాడు. మన దగ్గర దీనికి ఎమ్మార్పీ తోడైంది. 1990 నుంచి పొట్లం మీద ముద్రిస్తున్న ఈ అంకె పేరుకే గరిష్ఠ ధర. దాన్ని నిర్ణయించేది తయారీదారే కాబట్టి ముందు పెంచి రాసి, తర్వాత తగ్గించి దాత అనిపించుకోవచ్చు. అయిదు, పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్ల ధర చాలాకాలం కదలలేదు, లోపలి బరువే చిక్కుతూ వచ్చింది.

తూకంలోని తిరకాసు మరింత ముచ్చటైనది. ఏ సరుకు ఎంతెంత పొట్లాల్లో అమ్మాలో చెప్పే జాబితాను 2021లో సవరించిన నిబంధనలతో తీసేశారు. అందుకే వంటనూనె 750, 800, 850 గ్రాముల విచిత్ర రూపాల్లో దర్శనమిస్తోంది. దానికి బదులుగా పొట్లంపై యూనిట్ ధర ముద్రించాలన్నారు. కిలో లోపు పొట్లమైతే గ్రాముకు ఇంత, కిలో దాటితే కిలోకు ఇంత, అదీ రెండు దశాంశ స్థానాలకు సవరించి. ఉదాహరణకు 180 రూపాయల 800 గ్రాముల ప్యాకెట్ అసలు లెక్క గ్రాముకు 22.5 పైసలు, ముద్రించేది 0.23. గ్రాముకు ఆ అర పైసా తేడా అంటే కిలోకు అయిదు రూపాయలు. పక్కనున్న రెండు కిలోల డబ్బా మీద కిలోకు 215 అని ఉంటుంది. ఈ రెంటినీ అక్కడికక్కడే పోల్చగలిగినవాడు లెక్కల మాస్టారై ఉండాలి, లేదా జేబులో ఫోను ఉందన్న సంగతి గుర్తున్నవాడై ఉండాలి.

గల్లా దగ్గర క్యూ కూడా వృథా కాదు. నిలబడ్డవాడికి చాక్లెట్లు, బ్యాటరీలు చేతికందే దూరంలో పెడతారు. బిల్లుకు ముందు ఫోన్ నంబరు అడుగుతారు. ఇవ్వనంటే బిల్లు రాదన్నట్టు చూస్తారు. నంబరు కోసం ఒత్తిడి చేయకూడదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో వ్యాపార సంఘాలకు సూచించింది. ఆ సూచన క్యూ దాకా నడిచి రావడానికి ఇంకా టైం పట్టేలా ఉంది.

ఎదిరించే ఉపాయాలు చౌకైనవే, అందుకే వాటికి ప్రకటనలు రావు. మొదటిది చీటీ: ఇంట్లో డబ్బాలు తెరిచి చూసి రాసుకున్నది, కొట్లో నిలబడి గుర్తు చేసుకున్నది కాదు. రెండోది భోంచేసి వెళ్లడం. ఖాళీ కడుపు రాసే చీటీ వేరు. పది వస్తువులకు బండి వద్దు, చేతిబుట్ట చాలు. నొప్పే లెక్క చెబుతుంది. కింది అరకు వంగాలి. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నచోట, ఉచితం లేకపోతే ఆ మొదటిది కొనేవాళ్లమా అని ఆలోచించాలి. జంషెడ్‌పూర్‌లో ఇంకో జాగ్రత్త అవసరం. టాటా కంపెనీలో 1934 నుంచీ నడుస్తున్న బోనస్ ఆనవాయితీ ఏటా దుర్గాపూజ ముందు డబ్బు చేతిలో పెడుతుంది. అది ఖాతాలో పడకముందే ఎక్కడ ఖర్చవ్వాలో బ్యానర్ల మీద రాసి ఉంటుంది. ఆ వారం రోజులూ సాక్చీ గోల్ చక్కర్ దాటకుండా ఉండగలిగినవాడు స్థితప్రజ్ఞుడు.

గల్లీ కొట్టును దేవాలయం చేయనక్కర్లేదు. అక్కడ అరువు పద్దు ఉంది, పద్దులో రాసింది రాసినవాడికే అర్థమవుతుంది. పప్పులు, నూనెలు పెద్ద కొట్లో నిజంగానే చౌకగా దొరికే రోజులున్నాయి. వాటిని కొనుక్కుని వెంటనే బయటపడితే లాభం కొనేవాడిదే. అలా బయటపడేటప్పుడు సంచీకి డబ్బు వేస్తారు. ముందుగా చెప్పకుండా బిల్లు దగ్గర సంచీ ధర వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబరులో తేల్చింది. ఫిర్యాదు చేయాల్సిన నంబరు 1915. ఇంటినుంచి గుడ్డసంచీ పట్టుకెళ్తే ఆ నంబరుతోనూ పని ఉండదు.