పచ్చదనానికి సున్నా క్రెడిట్లు

మన కాలేజీల్లో మొక్కలు నాటే ముహూర్తం చూస్తే పంచాంగకర్తలకే చెమటలు పడతాయి. జూన్ 5, ప్రపంచ పర్యావరణ దినోత్సవం. రోళ్లు పగిలే రోహిణి కార్తె. ఇంకో మూడు రోజులు ఓపిక పడితే మృగశిర వస్తుంది, నేల కాస్త చల్లబడుతుంది, నాలుగు చినుకులు పడతాయి. ఈ సంగతి తెలియని రైతు మన రెండు రాష్ట్రాల్లో లేడు. కానీ 1972లో స్టాక్‌హోమ్‌లో దేశదేశాల పెద్దలు పర్యావరణం గురించి కూర్చున్నది జూన్ 5న. స్వీడన్‌లో ఆ రోజుల్లో మొక్క హాయిగా బతుకుతుంది మరి. మనకు ఐక్యరాజ్య సమితి తేదీ ముఖ్యం, కార్తెదేముంది? అందుకే షామియానా వేస్తారు. షామియానా కింద ప్రిన్సిపాల్, కరస్పాండెంట్, ముఖ్య అతిథి. షామియానా బయట మొక్క.

వేదిక మీద ఫ్లెక్సీ: ‘ప్లాస్టిక్‌ను తరిమికొడదాం’. ఆ ఫ్లెక్సీ దేంతో తయారైందో కెమిస్ట్రీ హెచ్‌ఓడీకి బాగా తెలుసు. ఎందుకంటే ఫ్లెక్సీ కమిటీ కన్వీనర్ ఆయనే. వంద మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లను 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు కదా సార్ అని ఓ కుర్ర లెక్చరర్ నసిగాడు. ‘మనది చాలా మందం బాబూ, నిశ్చింతగా ఉండు’ అన్నారాయన. ఇంకాస్త ఎక్కువ ప్లాస్టిక్ వాడి చట్టాన్ని గౌరవించడమంటే ఇదే.

ఇంత శ్రమా ఎవరి కోసమంటే, కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ వారి కోసం. వెయ్యి మార్కుల మూల్యాంకనంలో ఏడో క్రైటీరియన్‌కు వంద. పచ్చదనం, ఇంకుడు గుంతలు, ప్లాస్టిక్ నిషేధం, సైకిళ్లు, గ్రీన్ ఆడిట్ అన్నీ అందులోకే వస్తాయి. నోటిమాట చెల్లదు, జియోట్యాగ్ ఫొటో కావాలి. కాబట్టి ఫొటో కింద అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైము అచ్చేసే యాప్ ఇప్పుడు ప్రతి అసిస్టెంట్ ప్రొఫెసర్ ఫోన్లోనూ ఉంటుంది. పీహెచ్‌డీ లేకపోయినా సర్దుకుంటారు, అది లేకపోతే ఒప్పుకోరు. ఈ యాప్‌తో ఒక్కటే చిక్కు. అది అబద్ధం చెప్పదు. ఓ కాలేజీ వారి ఐదేళ్ల ఫైలు తిరగేస్తే ఐదు తేదీలు, ఐదుగురు ముఖ్య అతిథులు, ఐదు మొక్కలు కనిపించాయి. అక్షాంశ రేఖాంశాలు మాత్రం ఆఖరి అంకె దాకా ఒక్కటే. గుంత స్థిరం, మొక్కలే వస్తూ పోతూ ఉన్నాయి. దాన్ని కూడా సుస్థిరత కిందే రాసుకున్నారు.

న్యాక్ పీర్ టీమ్ తనిఖీకి వస్తోందంటే కడియం నర్సరీల నుంచి కుండీల లారీ దిగుతుంది. గేటు నుంచి సెమినార్ హాలు దాకా బంతి, క్రోటన్లు, అరీకా పామ్. ‘మళ్లీ ఎప్పుడు తీసుకెళ్లమంటారండీ?’ అని అడుగుతాడు డ్రైవరు. ఇవి అద్దె కుండీలు, బృందం రైలెక్కేవరకే ఇక్కడి కాపురం. శాశ్వతంగా ఉండేది ఔషధ వనం ఒక్కటే. అంటే, దాని బోర్డులు. శాస్త్రీయ నామాలతో సహా పచ్చ పెయింటు మీద తెల్లక్షరాలు. నేను చూసిన వనంలో ‘అశ్వగంధ’ అన్న బోర్డు దగ్గర వయ్యారిభామ నడుమెత్తున ఏపుగా పూసి ఉంది. ఇదేమిటయ్యా అని అటెండర్ని అడిగితే, ‘పచ్చగానే ఉంది కద సార్’ అన్నాడు. గ్రీన్ ఆడిట్ చేసినవాళ్లు కూడా ఇదే మాట రెండొందల పేజీల్లో రాసుంటారు.

నో వెహికల్ డే గురించి ఎక్కువ చెప్పను. చైర్మన్‌గారు సైకిలెక్కి ఫొటో దిగేంతసేపూ గేటు బయట ఆయన కారు ఏసీతో సహా నడుస్తూనే ఉంటుంది.

ఇన్ని పాట్లు పడే బదులు దగ్గరి దారి వెతుక్కునేవారూ లేకపోలేదు. గుంటూరు ప్రాంతంలోని ఓ విద్యాసంస్థకు మంచి గ్రేడు ఇచ్చేందుకు నగదు, బంగారం, సెల్‌ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు చేతులు మారాయన్న ఆరోపణపై 2025 ఫిబ్రవరిలో సీబీఐ న్యాక్ బృందం సభ్యుల్ని అరెస్టు చేసింది. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. ఆ ల్యాప్‌టాప్‌లను ఈ-వ్యర్థాల నిర్వహణ కింద చూపించొచ్చా లేదా అన్నదే నా సందేహం.

ఇక పాఠం సంగతి. ఎం.సి. మెహతా పోరాడితే పర్యావరణాన్ని చదువులో భాగం చేయాలని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించింది. మన బీటెక్ సిలబస్ ఆ ఆదేశాన్ని శిరసావహించి పర్యావరణ శాస్త్రాన్ని తప్పనిసరి చేసింది, సున్నా క్రెడిట్లతో. పాసైతే చాలు, జీపీఏలో కలవదు. గాలి, నీరు, నేల కలిపి సున్నా. మార్కుల లెక్కలో పండిపోయిన మన పిల్లలకు ఆ సున్నా అర్థం కాకుండా ఉంటుందా? పరీక్షకు ముందు రాత్రి జిరాక్సు షాపులో ఆల్ ఇన్ వన్ కొని, పొద్దున రాసేసి, మధ్యాహ్నానికి మరిచిపోతారు.

అయితే లెక్క తప్పిన పిల్లలూ ఉన్నారు. 2025 మార్చి 30, ఉగాది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి జేసీబీలు దిగితే, సెలవు రోజు పచ్చడి తిని పడుకోకుండా విద్యార్థులు అడ్డం వెళ్లారు. పోలీసులు వాళ్లను వ్యాన్లెక్కించి తీసుకెళ్లారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపించింది. అప్పటికే దాదాపు వంద ఎకరాలు పోయాయని హైకోర్టు రిజిస్ట్రార్ నివేదిక. చెట్టు నాటితే ఫొటోకు మార్కులున్నాయి. ఉన్న చెట్టుకు అడ్డం నిలబడి వ్యానెక్కినందుకు ఏడో క్రైటీరియన్‌లో ఏ గడీ లేదు, సిలబస్‌లో ఆ సున్నా కూడా రాదు.

ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు పెట్టబోయే తల్లిదండ్రులకో మనవి. కాలేజీ చూడ్డానికి పొద్దున పూట వెళ్లకండి, ఎండ వేళ రెండింటికి వెళ్లండి. ఎక్కడ నీడ ఉందో వెతకండి. ఉంటే, ఆ నీడలో పిల్లలు కూర్చున్నారో మేనేజ్‌మెంట్ కార్లున్నాయో చూడండి. గ్రీన్ ఆడిట్ సర్టిఫికెట్ మాత్రం అడక్కండి. అది అందరి దగ్గరా ఉంది.