వాడకం బాబాయి

ఊరికే పడున్న వస్తువుని చూస్తే నిద్రపట్టని మనిషి ప్రతి అపార్ట్‌మెంట్లోనూ ఒకడుంటాడు. మా దాంట్లో ఆయన్ని వాడకం బాబాయి అంటాం, ఆయనకి వినబడకుండా. శుభలేఖ ఇస్తే ముహూర్తం చూడరు, వెనక ఖాళీ ఉందేమో చూస్తారు, పాల లెక్క రాసుకోవడానికి. ఎన్నికలు కాగానే ఫ్లెక్సీలు పోగేసి నీళ్ళ ట్యాంకు మీద కప్పించారు. ఓడిపోయిన అభ్యర్థి ఒకాయన ఇప్పటికీ వెల్లకిలా పడుకుని, ఆకాశానికి దండం పెడుతూ మా నీళ్ళు చల్లగా ఉంచుతున్నాడు.

బతికున్నవాళ్ళనీ ఓడినవాళ్ళనీ వాడేశాక బాబాయి చూపు చచ్చినవాళ్ళ మీద పడింది.

నాలుగో అంతస్తులో ఖాళీ ఫ్లాటు ఒకటుంది. అర్ధరాత్రి గజ్జెల చప్పుడు వస్తోందని పుకారు లేచింది. శాంతి చేయిద్దామన్నారు ఆడవాళ్ళు. అసోసియేషన్ సెక్రటరీ హోదాలో బాబాయి అడ్డుపడ్డారు.

"గజ్జెలు మొదలయ్యాక టెర్రస్ మీద ఒక్క బీరుసీసా దొరికిందా? సీసీ కెమెరాల వాడు నలభై వేలడిగాడు. ఇది పైసా అడిగిందా?"

అక్కడితో ఆగితే ఆయన బాబాయి ఎందుకవుతారు? ఫ్లాటు ఓనరుకి ఫోన్ చేసి, "ఖాళీ అని చెప్పి సగం మెయింటెనెన్సే కడుతున్నారు, ఎవరో ఉంటున్నారటగా" అని నిలదీశారు.

పిల్లలకి బేతాళ కథ చెప్పమంటే ఆయన కథలోకి వెళ్ళరు, రవాణా దగ్గరే ఆగిపోతారు. చందమామలో శంకర్ గారు వేసిన ఆ బొమ్మ ఉందే, చేత కత్తి, భుజాన శవం, అది చూస్తే బాబాయికి కడుపు మండుతుంది. "ఎగరడం వచ్చినవాడు పైన, నడిచేవాడు కిందా! రాజుకి బుద్ధుండక్కర్లా?" అయితే బేతాళుణ్ణి పూర్తిగా కొట్టిపారెయ్యరు. చివర్లో భిక్షువు కుట్ర బయటపెట్టి విక్రమార్కుడి ప్రాణం కాపాడాడు కాబట్టి, మోసిన కూలి గిట్టిందని ఒప్పుకుంటారు.

విదేశీ సరుకు గురించి చెప్పి ఆయన్ని రెచ్చగొట్టింది నేనే. తూర్పు ఐరోపా పల్లెల్లో రక్తపిశాచం సమాధి మీద గసగసాలు చల్లేవారట. ఒక్కో గింజా లెక్కపెట్టుకుంటూ అది తెల్లారేదాకా అక్కడే కూచుంటుందని నమ్మకం. అమెరికన్ టీవీవాళ్ళు 1972లో ఇలాంటి లెక్కల పిశాచాన్ని 'సెసమీ స్ట్రీట్'లో పెట్టి పిల్లలకి అంకెలు నేర్పించారు. బాబాయి వెంటనే అసోసియేషన్ ఆడిట్ గురించి ఆలోచనలో పడ్డారు. చైనాలో హునాన్ పడమటి కొండల్లో మాంత్రికులు పరాయి ఊళ్ళో పోయినవాళ్ళని వాళ్ళ కాళ్ళ మీదే నడిపించి సొంతూరు చేర్చేవారన్న కథ చెబితే, అంబులెన్సు కిరాయి ఎంత మిగులుతుందో వేళ్ళ మీద లెక్కేశారు.

ఆయన మనసు మాత్రం హైతీలో పడిపోయింది. జాంబీల పుట్టిల్లు అది. 1929లో విలియం సీబ్రూక్ అనే అమెరికన్ రచయిత 'ది మ్యాజిక్ ఐలాండ్' అనే పుస్తకంలో, సమాధుల్లోంచి లేపిన శవాలతో చెరుకు తోటల్లో కూలి చేయించే మేస్త్రీ కథ ఒకటి రాశాడు.

"తిండి?"

"చప్పిడి కూడు."

"జీతం?"

"మేస్త్రీ తీసుకుంటాడు."

"మరి మాట వింటారా?"

"చచ్చినట్టు వింటారు."

బాబాయి మొహం వెలిగిపోయింది. ఒక్కటే చిక్కు, వాళ్ళకి ఉప్పు తగలకూడదు. ఆ మేస్త్రీ పెళ్ళాం జాలిపడి ఉప్పు పల్లీలున్న మిఠాయి పెట్టింది. అంతే, తాము చచ్చామన్న సంగతి గుర్తొచ్చి అందరూ నేరుగా సమాధుల దారి పట్టారు. మన దగ్గర ఉప్పు తిన్నవాడు యజమానిని కనిపెట్టుకునుంటాడు, అక్కడ ఉప్పు తినగానే పని మానేశారన్నమాట!

అసలు ఆ దేశంలో ఈ కథ నవ్వులాట కాదని కూడా చెప్పాను. ఫ్రెంచి తోటల్లో బానిసలుగా బతికినవాళ్ళ సంతతి వాళ్ళది. 1804లో పోరాడి స్వాతంత్ర్యం తెచ్చుకున్నారు. జాంబీ తమని ఏదో చేస్తుందని వాళ్ళకి భయం లేదు, తామే జాంబీ అవుతామేమోనని భయం. పోయాక కూడా ఆ చాకిరీ వదలకపోతే ఎలాగని.

బాబాయి కాసేపు మాట్లాడలేదు. మనసు కరిగిందనుకున్నాను.

"ఆ మిఠాయి డబ్బులు ఎవరి ఖాతాలో రాశారు?" అన్నారు.

పోయిన మీటింగు ఎజెండాలో చివరి అంశం: రాత్రి కాపలాకి ప్రత్యామ్నాయ ఏర్పాటు. కుర్చీలు వేస్తున్న వాచ్‌మన్ చెవిన పడింది.

"దయ్యాన్ని పెట్టుకుంటె పెట్టుకోండ్రి సార్. గని ముందుగాల నా రెండు నెలల జీతం ఇయ్యుండ్రి. ఇయ్యకుంటె సచ్చినంక గూడ ఇడిసిపెట్ట. రోజు రాత్రి ఈడికే వస్త."

అందరం నవ్వాం. బాబాయి నవ్వలేదు. రిజిస్టరు తెరిచి, పెన్ను మూత తీసి, "రోజూ అంటున్నావు, ఆదివారాలు కూడానా?" అని అడిగారు.