పద్దుల్లో నా విలువ ఒక్క రూపాయి

పోయిన మార్చి నెలాఖరున ఆడిటరుగారు వచ్చి మా సొసైటీ ఆస్తుల జాబితా పైకి చదివారు. ప్లాస్టిక్ కుర్చీలు 12, నల్లబల్ల 1, గ్యాస్ పొయ్యి 1, స్టీలు గిన్నెలు 40, చాపలు 6. ఆ తరవాత నేను. ‘హార్మోనియం 1, విలువ 1 రూపాయి.’ పిల్లలు పకపకా నవ్వారు. ఏటేటా తరుగుదల కొట్టుకుంటూ పోతే ఆఖరికి ఆ ఒక్క రూపాయి మిగులుస్తారట, వస్తువు ఉందని గుర్తుకోసం. నాకేం బాధ కలగలేదు. నాటకాల కాలంలో నన్ను తాకట్టు పెట్టి రైలు టిక్కెట్లు కొన్న రోజులున్నాయి. ధర అప్పుడప్పుడూ పెరిగి తరిగేదే.

నాది హార్మోనియం జాతి. మా మూలపురుషుడికి 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబెన్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. అది కాళ్లతో తొక్కే బల్ల. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఊదుకుంటూ రెండో చేత్తో వాయించుకునే పెట్టెగా మార్చాడు. నేను ఆ రకం చేతిపెట్టెని. 37 మెట్లు, రెండు వరసల్లో 74 ఇత్తడి రీడ్లు. పారిస్‌లో మొదలైన వంశం తిరిగి తిరిగి తెనాలి చేరింది. ఈ ఊరిని ఆంధ్రా ప్యారిస్ అంటారు కాబట్టి, ఒక రకంగా పుట్టింటికి వచ్చినట్టే.

తెనాలంటే నాటకాల ఊరు. స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషం కట్టిన రామవిలాస సభ ఇక్కడిదే. నేను ఆ తరవాతి కాలపు దాన్ని, ఆయన పక్కన వాయించానని కోతలు కొయ్యను. మా హార్మోనిస్టుగారితో పల్లెటూళ్ల జాతర్లు తిరిగాను. హరిశ్చంద్ర, చింతామణి, ఉద్యోగ విజయాలు. తెర లేవకముందు నటుడు వచ్చి చెవిలో ‘ఇవాళ ఐదున్నర’ అనేవాడు. నా మెట్లకి అంకెలే పేర్లు. తెల్లమెట్టు ఒకటి, పక్కన నల్లది ఒకటిన్నర, ఆ పక్కది రెండు. అలా ఏడు దాకా. గొంతు బాగున్ననాడు ఐదున్నర, పడిశం పట్టిననాడు గుట్టుగా నాలుగు. ఎవరికే శ్రుతి సరిపోతుందో చూసి దాన్ని బట్టి నడుచుకోవడం నా ఉద్యోగం. ఈ మాట గుర్తుంచుకోండి, తరవాత దీంతో పని ఉంది.

రేడియోవాళ్లకి మాత్రం నేను పనికిరాలేదు. 1940లో ఆకాశవాణి మమ్మల్ని స్టూడియో గడప తొక్కనివ్వలేదు. టాగూరుగారికి కూడా మేమంటే గిట్టేది కాదు. 1971 దాకా ఆ నిషేధం నడిచింది, ఆ పైన కూడా పక్కవాద్యంగా వాయించుకోమన్నారు, అంతే. నేను పుట్టేనాటికి నిషేధం మధ్యలో ఉంది. కారణం అబద్ధమేం కాదు. నాకు గమకం పలకదు. వీణ తీగె లాగినట్టు నన్ను లాగలేరు. కట్టిన స్వరం కట్టినట్టే మోగుతాను, వంగను. విద్వాంసులకి అది లోపం. ముప్ఫైమంది పిల్లల్ని ఒక దారిలో పెట్టాలంటే మాత్రం ఆ మొండితనమే పనికొస్తుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నాటకాలు తగ్గాయి. హార్మోనిస్టుగారు పోయారు. నన్ను దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టారు. ఎన్నేళ్లో లెక్క తెలియదు. ఎలుకలు తిత్తి కొరికాయి, ఎడమ చివరి మెట్టు కింది తోలు తినేశాయి.

ఆయన మనవరాలు దించింది నన్ను. సంగీతంలో డిప్లొమా చేసి, ప్రైవేటు బడిలో వారానికి రెండు పీరియడ్లు పాటలు నేర్పే ఉద్యోగం చేసేది. మరమ్మతు చేసినాయన తిత్తి మార్చాడు, రీడ్లు తుడిచాడు, ఎడమ చివరి మెట్టు దగ్గర ఆగాడు. ఆ రీడ్లు వంగిపోయాయట, తోలు లేక గాలి కారిపోతోందట. ‘దీని కంత మూసేస్తానమ్మా, మిగతా 36 బ్రహ్మాండంగా పలుకుతాయి’ అని కాగితం అంటించాడు. అప్పటినుంచీ ఆ మెట్టు నొక్కితే టకటకమనే చెక్క చప్పుడే.

ఆమె, రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన, ఇంకో ఐదుగురూ కలిసి 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేయించుకుని ఒక గది అద్దెకు తీసుకున్నారు. పిల్లల కోరస్ పెడతాం అని ఊరికి చెప్పారు. ఒక్కరూ రాలేదు. వారం గడిచాక ఒకావిడ గుమ్మంలో నిలబడి, ‘టీచరుగారూ, పాటలు సరే, ట్యూషను ఏమన్నా చెప్తారా? మా వాడికి లెక్కలు రావు’ అంది. పాట టీచరు మొహం చిన్నబోయింది. లెక్కల మాస్టారు మాత్రం లేచి, ‘రమ్మనండమ్మా, రేపే రమ్మనండి’ అన్నారు. మర్నాటికి బోర్డు మారింది. పైన పెద్దక్షరాలతో ‘ఉచిత ట్యూషను’, కింద చిన్నక్షరాలతో ‘పాటలు కూడా’. ఆ వారం పంతొమ్మిదిమంది చేరారు.

నాలుగున్నరకి బడి నుంచి అటే వస్తారు. మొదట గుగ్గిళ్లు, కాకపోతే తాలింపు వేసిన అటుకులు. మధ్యాహ్నం బడిలో తిన్న అన్నం ఆ పాటికి అరిగిపోయి ఉంటుంది. ఖాళీ కడుపుతో గాలి పట్టి పాడమంటే ఎవరు పాడతారు? తరవాత గంట హోంవర్కు. ఆ తరవాత నేను. ఏడింటికి అమ్మలో, అన్నలో వచ్చి తీసుకెళతారు. ఎవరైనా నన్నడిగితే ఈ సంస్థ నిలబడింది ముందు గుగ్గిళ్ల మీద, తరవాత లెక్కల మీద, ఆ తరవాతే నా మీద అని ఒప్పుకుంటాను. కానీ ఇంకోటి కూడా చూశాను. లెక్కల పరీక్షలు అయిపోయిన వేసవిలో కూడా పిల్లలు నాలుగున్నరకి తలుపు కొట్టారు. అప్పుడు చెప్పడానికి ట్యూషను లేదు, పాట ఒక్కటే ఉంది.

మొదటి రోజులు చెప్పాలంటే సిగ్గు. బడి ప్రార్థన అలవాటు, ఎవరెంత గట్టిగా అరిస్తే అంత బాగా పాడినట్టు. నేను ఐదు శ్రుతి పట్టి కూర్చున్నాను. పంతొమ్మిదిమందీ పంతొమ్మిది శ్రుతులు. పాట టీచరు పాట నేర్పలేదు. మూడు వారాలు ఒక్క షడ్జమం, ఒట్టి ‘స’, పాడించింది. ‘నీ గొంతు నీకు వినపడుతోందా? అయితే ఎక్కువ పాడుతున్నావు. పక్కవాడిది వినపడేదాకా తగ్గించు’ అనేది. తగ్గించి తగ్గించి ఒకరోజు సాయంత్రం గది ఒక్కసారిగా మారింది. పంతొమ్మిది గొంతులూ కలిసి ఒక్క గొంతయింది, నా రీడ్లు వాటంతటవే వణికినట్టనిపించింది. ఒక చిన్నపిల్ల భయపడి పాడటం ఆపేసి, ‘ఇంకెవరో పాడుతున్నారు టీచర్’ అంది.

లెక్కల మాస్టారికి సంగీతం రాదు. తాళం తప్పకుండా తల కూడా ఊపలేరు. అయినా నేను చూసిన మంచి క్లాసుల్లో ఒకటి ఆయనదే. ఆరో తరగతికి క.సా.గు. చెబుతున్నారు. నాలుగైదుసార్లు చెప్పారు, గోడకి చెప్పినట్టే ఉంది. నల్లబల్ల ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయారు. పాట టీచరు తిత్తి ఊదుతూ, ‘మాస్టారూ, ఒక్క ఐదు నిమిషాలు నాకివ్వండి’ అంది. ఎడమవైపు చాప వాళ్లని ప్రతి మూడో అంకెకీ, కుడివైపు చాప వాళ్లని ప్రతి నాలుగో అంకెకీ చప్పట్లు కొట్టమంది. మాస్టారు అంకెలు లెక్కపెట్టారు. మూడు, ఇటు చప్పట్లు. నాలుగు, అటు. ఆరు ఇటు, ఎనిమిది అటు, తొమ్మిది ఇటు. పన్నెండు దగ్గర రెండు చాపలూ ఒక్కసారి ఫట్టుమన్నాయి. ‘కలిశాం మాస్టారూ!’ అని అరుపు. ‘దాని పేరేరా క.సా.గు. అంటే’ అన్నారాయన, గొంతు పూడుకుపోయి. ఆ ఊపులో ఐదూ ఏడూ మొదలెట్టారు. ఎంతకీ కలవవే. ‘ఎందాకా మాస్టారూ, చేతులు నెప్పులు పుడుతున్నాయి’ అన్నాడొకడు. ‘ముప్ఫై అయిదు దాకారా. అక్కడిదాకా ఓర్చుకుంటే పాసే’ అన్నారు మాస్టారు. ఆరో తరగతికి అంతగా అర్థం కాలేదు గానీ పదో తరగతివాళ్లు మాత్రం నవ్వలేదు.

పాట టీచరు పిల్లలకి తరచు ఒకాయన గురించి చెబుతుంది. ఎం.బి. శ్రీనివాసన్. చిత్తూరులో పుట్టి మలయాళ సినిమాలకి సంగీతం కట్టి, మద్రాసులో యూత్ కోయిర్ పెట్టి, మన భాషల పాటల్ని నాలుగు వరసల్లో కలిపి పాడించినాయన. 1988లో లక్షద్వీప్‌లో కన్నుమూశారు. మనవాళ్లు ఆయన్ని మర్చిపోయారని ఆమె కోపం, నాకూ అదే కోపం. ఒకసారి అమెరికా నుంచి వచ్చిన ఒక అబ్బాయి హార్లెం బాలుర కోరస్ కబుర్లు చెప్పాడు. న్యూయార్క్‌లో వాల్టర్ టర్న్‌బుల్ 1968లో ఒక చర్చిలో మొదలుపెట్టాడట, పాటతోపాటు చదువూ చూసుకుంటూ ఆఖరికి సొంత బడే నడిపాడట. ఆ కోరస్ ఇప్పుడు లేదు. ఎందుకు మూతపడిందని మాస్టారు అడిగారు. డబ్బు చిక్కులు అన్నాడు. మాస్టారు అద్దె పుస్తకం తీసి ఒకసారి చూసుకున్నారు.

ఇక పొడుగోడి సంగతి. ఏడో తరగతిలో వాడి గొంతు వెండి గంట. ‘మా తెలుగు తల్లికి’ ఎత్తుకుంటే పంద్రాగస్టు సభలో ఎమ్మార్వోగారు ఫోను కింద పెట్టి విన్నారు. ఎనిమిదో తరగతి దసరా సెలవులు దాటాక గొంతు బొంగురుపోయింది. పై షడ్జమం దగ్గర కప్పలా బెకబెకమంది. పిల్లలు నవ్వారు. వాడూ నవ్వాడు. మర్నాడు రాలేదు. వారానికి తెలిసింది, బడికీ పోవడం లేదట, బైకు మెకానిక్ షెడ్డులో స్పానర్లు అందిస్తున్నాడట.

ఇది నేను ఒక్కడి విషయంలోనే చూడలేదు. మగపిల్లలకి గొంతు పగిలే వయసూ, చదువు మానే వయసూ ఒకటే. ఎనిమిదీ తొమ్మిదీ. లెక్కలు కష్టమయ్యేదీ అప్పుడే, ఇంట్లో వీడు నాలుగు రూపాయలు తేగలడని లెక్క మొదలయ్యేదీ అప్పుడే. దానికి తోడు మేము కూడా ‘నువ్వు పనికిరావు’ అంటే వాడికి ఇంకెక్కడ చోటు?

పాట టీచరు ఆ షెడ్డుకి వెళ్లింది. తిరిగొచ్చాక మాస్టారితో చెబుతుంటే విన్నాను. వాడు గ్రీజు చేతులు వెనక్కి పెట్టుకుని, ‘నాకు గొంతు పోయింది టీచర్’ అన్నాడట. ‘పోలేదురా, కిందికి దిగింది. మా పెట్టెలో ఎడమ చివరి మెట్టు పలకదని నీకు తెలుసుగా. ఆ స్వరం పట్టేవాడు నాకొకడు కావాలి’ అందట ఈవిడ.

రెండు రోజులకి వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆమె ఏమీ అనలేదు. నన్ను ఐదు నుంచి నాలుగుకి దించింది. అప్పుడు షడ్జమం నాలుగో మెట్టయింది, దానికి మంద్ర పంచమం, అంటే కింది ‘ప’, సరిగ్గా ఆ మూగ మెట్టు. మిగతావాళ్లు పాట ఎత్తుకున్నారు. పొడుగోడు గోడకానుకుని ఆ రెండు స్వరాలే పట్టాడు, కింద పంచమం, షడ్జమం. మాటల్లేవు, ఒట్టి ఆకారం. కాగితం అంటించిన నా కంతలోనుంచి రావలసిన స్వరం వాడి రొమ్ములోంచి వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

వాణ్ని మాస్టారు ఆదివారాలు కూర్చోబెట్టి తప్పిపోయిన పాఠాలు చెప్పారు. పదో తరగతి మొదటిసారి తప్పాడు. సప్లిమెంటరీలో లెక్కల్లో 36 వచ్చాయి. ఇప్పుడు ఐ.టి.ఐ.లో ఉన్నాడు, ఆదివారాలు వస్తాడు. వాడితోపాటు ఆ ఏడు మానేసిన ఇంకో ఇద్దరి ఇళ్లకీ టీచరు వెళ్లింది. వాళ్లు రాలేదు.

దాతల గురించి నోరు జారకూడదు గానీ ఒక్కటి చెప్పి ఊరుకుంటాను. ఒకాయన పిల్లలకి బనీన్లు కుట్టించి ఇచ్చారు, వీపు మీద ఆయన పేరు, ఫోను నంబరు. కోరస్‌లో పిల్లలు జనం వైపు మొహం పెట్టి పాడతారని ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. రశీదు మాత్రం పట్టుకెళ్లారు.

పొడుగోడు రాని ఆరు రోజులూ ఆ మెట్టు మూగే. మాస్టారికి కంటి ఆపరేషను అయింది, సాయంత్రాలు రాలేకపోతున్నారు. మా గదికి ఇప్పుడు రెండు కావాలి. ఎడమ చివరి మెట్టుకి రీడ్లు, తోలు వేయగలిగినవాళ్లొకరు, తొమ్మిదో తరగతి లెక్కలు చెప్పగలిగినవాళ్లొకరు. ఒక్కరే రెండూ చేస్తే మరీ మంచిది. నాలుగున్నరకి తలుపు తీసే ఉంటుంది. గుగ్గిళ్లు మీకూ పెడతారు.