కారసంజీవని

కొలచెలమ మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం. పాత లెక్కన మాకు పక్క జిల్లావాడు. రఘువంశానికీ, కుమారసంభవానికీ, మేఘసందేశానికీ వ్యాఖ్యలు రాసిన ఆ మహానుభావుడు మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టులో మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగం నా వల్ల కాదు. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి.

మూలము

"నారుకు పోతున్నవా కొడుకా? కారందొకటి, కాపుదొకటి, రంగుదొకటి తే. మీదికి సూసేది తేకు. పక్కపక్కన పెట్టకు. నిరుటి తీర్గ సేయకు."

అవతారిక

వక్త్రి మా అమ్మ, ఎనభై దాటిన ప్రాయం. శ్రోత నేను, అరవై దాటిన బాలుడు. స్థలం బాల్కొండలో మా ఇంటి గడప. కాలం ఆషాఢం చివర, చేన్లలో పసుపు మొలిచి నడుమ మక్క ఏపుగా లేస్తున్న రోజులు. సంచి పట్టుకొని ఆర్మూర్ బస్సెక్కబోతున్న నన్ను నిలేసి చెప్పిన మాటలివి. ఛందస్సు లేదు గాని యతి ఉంది: ప్రతి వాక్యం తర్వాత ఆగి నా మొహం చూసింది.

పసుపు సీమలో మిరప మీద వ్యాఖ్య ఎందుకంటారా? పసుపుకు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. కమ్మర్‌పల్లిలో దానికి పరిశోధన కేంద్రముంది. 2019 పార్లమెంటు ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది నిలబడితే అందులో అత్యధికులు రైతులే, పసుపు బోర్డు కావాలనే. 2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా ఆ బోర్డూ మొదలైంది. మా ఇంట్లో మిరపకు మాత్రం బాయి పక్కన నాలుగు గజాల జాగ, నేనూ దిక్కు. పోపులడబ్బాలో వయసు చూసినా అంతే. పసుపు పాత కాపు. మిరప అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల మీద వచ్చిన కొత్త కోడలు. తనకంటూ పేరు కూడా తెచ్చుకోలేదు; అప్పటిదాకా కారం పెట్టిన మిరియం పేరునే సాగదీసి మిరపకాయ అన్నాం. తమిళులూ కన్నడిగులూ చేసిందీ అదే. వచ్చిన కొన్నాళ్లకే అత్తగారిని రసానికి, కషాయానికి పరిమితం చేసింది.

టీక

నారుకు: నారు తెచ్చుటకు. 'కు' షష్ఠీ విభక్తి ప్రత్యయమే అయినా ఇక్కడ అర్థం చతుర్థిది. గింజ అనక నారు అనడంలో విశేషమున్నది, దాన్ని చివర చెప్తాను.

కొడుకా: సంబోధన ప్రథమ. ప్రేమకూ హెచ్చరికకూ రూపం ఒకటే. గొంతును పట్టి తెలుసుకోవాలి.

కారందొకటి: కారంది + ఒకటి, ఇత్వ సంధి. తక్కినవాటికన్న కారం ఎక్కువ గలది. ఎంత ఎక్కువ? అమ్మ కొలమానం ముక్కు. కాయ తుంచి వాసన చూసి చెప్పేస్తుంది. అమెరికాలో విల్బర్ స్కోవిల్ అనే ఔషధ శాస్త్రజ్ఞుడు 1912లో ఇంకో కొలత పెట్టాడు. మిరప సారాన్ని చక్కెర నీళ్లలో పలుచన చేస్తూ పోవాలి, అయిదుగురు చప్పరించాలి, మంట తెలియకుండా పోయేసరికి ఎన్ని రెట్లు పలుచనైందో అదే ఆ కాయ కారం. ఇప్పుడా నాలుకల పని యంత్రం చేస్తున్నది గాని, లెక్క ఆయన పేరనే నడుస్తున్నది. ఆ లెక్కన గుంటూరు సన్నం 35,000 నుంచి 40,000. ఖమ్మం దిక్కు విరివిగా పండే తేజ 75,000 దాటి లక్ష దాకా పోతుంది. కనుక కారంది అంటే తేజ. పప్పులోకి రెండు కాయలు పడితే మూడోది ఎవరూ అడగరు.

ఇట నొక శంక. పొలంలో తేజ భగ్గుమంటుంది గదా, మా పెరట్లో అదే తేజ ఎందుకు మెత్తబడింది? సమాధానం నా చేతి చెంబులో ఉంది. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి, మనసాగక మధ్యాహ్నం ఒకసారి నీళ్లు పోశాను. మిరప కాస్త నీటి కరువు చూస్తేనే సాధారణంగా కారం పట్టుతుంది. కడుపు నిండినవానికి కోపం రాదన్నట్టు.

ఇంకొక శంక. గింజలు తీసేస్తే కారం పోతుందని వదినల సిద్ధాంతం. అది పూర్వపక్షమే. కారం పుట్టేది గింజలో కాదు, గింజలు అంటుకొని ఉండే తెల్లటి ఈనెలో. గింజ పక్కింటి వాసన అంటించుకున్నది, అంతే.

కాపుదొకటి: విరగ కాసేది. ఇక్కడ పండితులు రెండు పక్షాలు. ఒకరిది గుంటూరు పక్కన లాం పరిశోధన కేంద్రం ఇచ్చిన జీ4, మారుపేరు భాగ్యలక్ష్మి. పచ్చిగా కోసుకోవచ్చు, ఎండబెట్టుకోవచ్చు. ఇంకొకరిది ఢిల్లీ పూసా సంస్థవారి జ్వాల. పేరు చూసి బెదరకండి. లేతాకుపచ్చగా, పొడుగ్గా, వంకర తిరిగి, ముడతలు పడి ఉంటుంది. పచ్చిమిర్చిగానే దానికి గిరాకీ. చెట్టు గుబురు, పొట్టి. నా తీర్పు: నేల ఉంటే జీ4, పాత రంగు డబ్బాలో పెట్టేవారికి జ్వాల. ఏది పెట్టినా చైత్ర వైశాఖాల్లో పూత రాలితే చెట్టును తిట్టకండి. మా దిక్కు ఎండలకు పూత నిలవదు, మనుషులే నిలవరు.

రంగుదొకటి: 'బజ్జీదొకటి' అని మా ఇంటావిడ పాఠాంతరం చెప్తుంది. అది ప్రక్షిప్తం. మూలంలో బజ్జీ మిర్చి ఊసే లేదు. ఎందుకు లేదో ప్రాజ్ఞులు ఊహింతురు గాక.

రంగు వేరు, కారం వేరు. కారం క్యాప్సైసిన్ అనే పదార్థానిది, ఎరుపు క్యాప్సాంథిన్ అనే ఇంకోదానిది. నగరం హోటళ్లలో నెత్తురు తీరు ఎర్రని కూర తెచ్చి పెడితే గుండె దడదడలాడుతుంది. తిన్నాక నాలుకకు ఏమీ తెలియదు. ఆ మాయ ఎక్కువగా కర్ణాటక బ్యాడగి కాయది. ముడతలు పడ్డ ముసలి కాయ, రంగు మాత్రం పెళ్లికూతురుది. 2011లో భౌగోళిక గుర్తింపు పొందింది. బ్యాడగిని కాదనను. కాని మన ఓరుగల్లు చపాటా ఉండగా అంత దూరం ఎందుకు? బొద్దుగా టమాటా లాగుంటుంది కాబట్టి టమాటా మిర్చి అని కూడా అంటారు. కారం తక్కువ, రంగు గాఢం, తొక్కులకు పెట్టింది పేరు. దానికీ 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెరట్లో రెండు చెట్లుంటే మామిడికాయ తొక్కుకు ఏడాదంతా ఎరుపు తగ్గదు. మనవలు కూడా కన్నీళ్లు లేకుండా తింటారు. ఇంతకూ ఈ ఎర్ర కాయను తక్కువ చేయకండి. హంగరీ దేశంలో సెంట్ గ్యోర్గి అనే శాస్త్రవేత్త ఇలాంటి రంగు మిరప నుంచే విటమిన్ సి కుప్పలుగా తీశాడు. 1937లో నోబెల్ వచ్చింది.

తే: విధ్యర్థక క్రియ. మూడింటికీ అన్వయం. ఒక్క కాయలోనే మూడు గుణాలు వెతకవద్దని, మూడు పనులకు మూడు చెట్లు పెట్టుకోమని ధ్వని. గింజల పొట్లం మీద 'అధిక కారం, అధిక రంగు, అధిక దిగుబడి' అని అచ్చేసే వ్యాపారులకు ఈ వాక్యం ఖండన గ్రంథం.

మీదికి సూసేది తేకు: సూసేది అనగా చూచునది. అభిధలో, కాయ కిందికి వేలాడక ఆకాశం చూసే చిట్టి మిరప. లక్షణలో, మిడిసిపడే మిరప. వ్యంజనలో, నేను.

ఆకాశం చూడడం వెనుక ఒక రాజకీయముంది. అడవి మిరపలు చాలావరకు చిన్నగా, ఎర్రగా, మీదికే ఉంటాయి, పిట్టలకు కనపడాలని. పిట్టకు ఈ కారం సోకదు. కాయ మింగి, గింజను చెడగొట్టకుండా ఎక్కడో విడుస్తుంది. గింజను నమిలి నాశనం చేసే మనలాంటి జీవాలకే ఆ మంట. మంట అనే మాట అలంకారం కాదు. వేడి తగిలితే మేల్కొనే నరాల ద్వారాన్నే మిరప కూడా తడుతుందని డేవిడ్ జూలియస్ 1997లో కనిపెట్టాడు. 2021 నోబెల్ ఆయనకూ, ఇంకొకాయనకూ కలిపి ఇచ్చారు. నాలుక కాలిందని అరిచేవాడు శాస్త్రప్రకారం అబద్ధమాడడం లేదు.

'మీదికి సూసేది' అన్నమాటకు పందేల కారం కాయలన్నీ అర్థమని కొందరి మతం. అస్సాం దిక్కు భూత్ జొలోకియా పది లక్షలు దాటి 2007లో గిన్నిస్ పుస్తకమెక్కింది. 2013లో కరోలినా రీపర్ దాన్ని మించింది. 2023లో పెప్పర్ ఎక్స్ 26,93,000తో దాన్నీ మించింది. ఈ మతం చెల్లదు; వాటిలో చాలావరకు కాయ కిందికే వేలాడుతుంది. కాని చెల్లకపోయినా అనుసరణీయం. ఒక్క కాయతో ఊరి పెండ్లికి వండగలిగే చెట్టు నలుగురున్న ఇంటికెందుకు? చూసిపోవడానికి వచ్చినవాళ్లకు చాయలు పోయడం తప్ప ఫలితం లేదు.

పక్కపక్కన పెట్టకు: ఆమ్రేడితం. ఈ వాక్యం దగ్గర వ్యాఖ్యాత జారిపడ్డాడు, ఒప్పుకుంటున్నాడు.

నేను మొదట చెప్పుకున్న అర్థమిది: చెట్టుకూ చెట్టుకూ నడుమ రెండడుగులు ఉంచుమని, గాలాడకపోతే పురుగు పడుతుందని. తప్పు మాటేం కాదు. ఆకు అంచులు మీదికి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఈ రెండు ముడతల తేడా తెలిస్తే పెరటి వైద్యంలో సగం వచ్చినట్టే. 2021లో నల్ల తామర పురుగు దిగి రెండు రాష్ట్రాల మిరప రైతులను ఏడిపించిన సంగతి ఎవరూ మరవలేదు. నీలం రంగు జిగురు అట్టలు, లీటరు నీళ్లకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, చుట్టూ బంతి చెట్లు: పెరటికి ఇవి చాలు.

కాని అమ్మ చెప్పింది ఇది కాదు. సిద్ధాంతం తర్వాతి వాక్యంలో ఉంది.

నిరుటి తీర్గ సేయకు: ఉపమాలంకారం. ఉపమేయం ఈ ఏటి సేద్యం, ఉపమానం నిరుటి సేద్యం, 'తీర్గ' ఉపమావాచకం. సమానధర్మం చెప్పలేదు, కనుక లుప్తోపమ. లోపించిన ఆ ధర్మమేమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. పాఠకులకు తెలియదు కాబట్టి పూరించక తప్పదు.

ముందటేడు నేను బజ్జీ మిర్చినీ, మీదికి చూసేదాన్నీ ఒకే వరుసలో జానెడు ఎడంలో పెట్టాను. ఆ యేడు బజ్జీ కాయలు చల్లగానే ఉన్నాయి. పక్కన ఘాటు చెట్టుంటే మన చెట్టు కాయకు కారమెక్కుతుందని లోకంలో ఒక మాట ఉంది గదా, అది వట్టిదని ఊరంతా చాటాను. ఆ మాట వట్టిదే. కాయ తల్లి చెట్టుది. కాని లోపలి గింజ తల్లీదండ్రులిద్దరిదీ. మిరప చాలామట్టుకు తన పూత తానే కట్టుకుంటుంది, అయినా తేనెటీగ ఊరుకోదు. ఆ గింజలు దాచి నిరుడు నారు పోసి ఆరు చెట్లు పెంచాను.

మెండెల్ 1866లో బఠానీల మీద అచ్చేసిన సూత్రం బాల్కొండలో మిరప మీద పని చేసింది. కిందికి వేలాడే గుణం మీదికి చూసే గుణాన్ని కప్పేస్తుంది. కారం ఉండడం లేకపోవడాన్ని కప్పేస్తుంది. ఆరు చెట్లలో రెండు సంకరం. కాయలు కాస్త పొట్టివైనా ఒద్దికగా తల వంచుకునే ఉన్నాయి. రూపం బజ్జీది, గుణం ఆకాశానిది.

దసరాకు బిడ్డా అల్లుడూ వచ్చారు. అమ్మ శెనగపిండి కలిపింది, నేను స్వయంగా కోసిన కాయలు ఇచ్చాను. మొదటి అయిదు బజ్జీలు తిన్నవాళ్లు మెచ్చుకున్నారు. ఆరోది అల్లుడు కొరికాడు. మర్యాదస్తుడు, మింగాడు. తర్వాత మాట రాలేదు. నేను నీళ్లిచ్చాను. నీళ్లతో కారం కరగదు, నోరంతా పరుచుకుంటుందంతే. అమ్మ నా చేతిలో చెంబు లాక్కొని గిన్నెడు పెరుగు పెట్టింది. ఏ పుస్తకం చదివిందని? పాలలో, పెరుగులో ఉండే కొవ్వూ కేసీన్ అనే మాంసకృత్తూ ఆ కారాన్ని నరాల మీదినుంచి లాగేస్తాయని నేను తర్వాత చదువుకున్నాను.

అందుకే మూలంలో గింజ అనక నారు అన్నది. అందుకే బజ్జీది లేదు. అందుకే మీదికి చూసేదానికి నిషేధం, పక్కపక్కన పెట్టడానికి నిషేధం. అయిదు వాక్యాలకూ అన్వయం ఒక్క అల్లుడు.

తాత్పర్యము

స్పష్టము.

గద్య

ఇది బాల్కొండ పురవాస, పెరటి మిరప పరామర్శ పరాయణ, జామాతృ సంతాప కారణ, విశ్రాంత తెలుగు పండిత విరచితంబైన కారసంజీవని యను వ్యాఖ్యానంబున సర్వంబును నేకాశ్వాసము.

తేజ రెండు, జీ4 రెండు, చపాటా రెండు తెచ్చాను. చపాటా ఒకటి బస్సులో విరిగింది. నిరుటి ఆరు చెట్ల గింజలు మాత్రం ఒక గాజు సీసాలో అలాగే ఉన్నాయి, అన్నీ కలిసిపోయి. ఆర్మూర్ దాటి ఇటు రహదారి మీద వచ్చేవారెవరైనా ఆగి అడిగితే పిడికెడు ఇస్తాను. ఏ గింజ బజ్జీకి, ఏ గింజ అల్లుడికి అని మాత్రం నన్ను అడగకండి.